ఊది చూసే ఊరు

"ఆ గిన్నె ముట్టుకోకు. నీది వేరే పెట్టాను. చెంచా కూడా వేరే," అంది సుల్తానా.

ఆరెతీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. పన్నెండేళ్లుగా ఈ వంటింట్లో, అంచు కాస్త పగిలిన ఆ నీలం గిన్నెలోనే సూపు తాగుతోంది. నిన్న సాయంత్రం అంబులెన్సు వచ్చి మామగారిని ఎక్కించుకుపోయేదాకా ఆ గిన్నెకి ఏ దోషమూ లేదు. తెల్లారేసరికి గిన్నెకీ చెంచాకీ కోడలికీ కలిపి అంటు చుట్టుకుంది.

"కిటికీ పక్కన కూర్చోనా అత్తయ్యా? లేక వీధిలో కూర్చుని తినమంటారా?"

"నీ వెటకారం నా దగ్గర కాదు. ఆ మనిషి బతికొచ్చాక నవ్వుకుందువుగాని."

"నేను నవ్వడం లేదు."

"ఏడవడమూ లేదు."

ఆరెతీ వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది. ఏడుపు ఉంది. ఈవిడ ముందు ఏడవడానికి మనసొప్పలేదు, అంతే.

బల్ల మీద రొట్టెల బుట్టకి ఆనించిన ఫోనులోంచి ఆడపడుచు ఫిలియో గొంతు వచ్చింది. ఫిలియో సలోనికా పట్నంలో కాపురం ఉంటుంది. జబ్బు పాకుతోందని ఈ వారమే ఊళ్ల మధ్య రాకపోకలు ఆపేశారు కనుక మనిషి రాలేకపోయింది. నోరు మాత్రం పొద్దుటినుంచి ఈ వంటింట్లోనే ఉంది.

"అమ్మా, నువ్వు ఊరికే అరవకు. అడగాల్సింది సూటిగా అడుగు. వదినా, నువ్వు ప్రెస్పాలో మీ పుట్టింటికి వెళ్లావా లేదా?"

"వెళ్లాను. మా నాన్న పోయిన నలభయ్యో రోజుకి."

"అక్కణ్ణుంచి గోధుమలు తెచ్చావా లేదా?"

"తెచ్చాను. పోయినవాళ్ల పేరున ఉడికించిన గోధుమలు ఇంటికి తెచ్చి పెట్టడం మా దగ్గర తప్పు కాదు. మీ దగ్గరా కాదు."

"నాన్న తిన్నాడా లేదా?"

"పిడికెడు తిన్నాడు. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి అని మరీ తిన్నాడు."

"విన్నావా అమ్మా?" అంది ఫిలియో, కోర్టులో కేసు గెలిచినంత సంబరంగా. "అక్కడ ముప్పైమంది ఒక గదిలో కూర్చుని ఏడ్చి ఉంటారు. అందులో ఎవడికో ఉండే ఉంటుంది. తిన్నగా తెచ్చి మన నాన్న నోట్లో పెట్టింది."

గుమ్మంలో నిలబడి ఉన్న ఆరెతీ మొగుడు స్తెర్గియోస్ ఇదంతా విని, బూట్లు తొడుక్కుని మేత పెట్టడానికి షెడ్లకి వెళ్లిపోయాడు.

"అక్కడ ఎవరికీ లేదు ఫిలియో. ఈరోజుకీ లేదు. మా అమ్మకి డెబ్బై ఆరేళ్లు, ఆవిడ నిక్షేపంలా ఉంది."

"చిక్కుడు గింజలు తినేవాళ్లకి ఏ జబ్బూ రాదు మరి," అంది సుల్తానా.

ఆ మాట ఈ ఇంట్లో పాతది. ప్రెస్పాలో చిక్కుడు తోటలవాళ్ల పిల్లని, తోళ్ల వ్యాపారం చేసే ఇంటికి తెచ్చుకున్నామన్న బాధ అత్తగారికి పెళ్లినాడే మొదలైంది. ఆ రోజు ఆ మాటని నవ్వులోకి తిప్పినవాడు మామగారు ఆర్గీరిసే. పెళ్లికూతురి దగ్గరికి వచ్చి, మేలిముసుగు కాస్త పక్కకి తీసి, నడినెత్తి మీద ఉఫ్ అని ఊదాడు. వెంట్రుకలు విడిపోగానే తలాడించి, "లోపలి నూగు ఒత్తుగానే ఉంది. మన చలికి తట్టుకుంటుంది. ఉంచుకుందాం," అన్నాడు. చర్చి గుమ్మంలో జనమంతా పడీపడీ నవ్వారు.

బొచ్చు మంచిదో కాదో ఊది చూడటం ఈ కొలను చుట్టుపక్కల ఊళ్లకి పుట్టుకతో వచ్చే అలవాటు. తోలు చేతికొచ్చినా ఊదుతారు, కోటు కొన్నా ఊదుతారు. ఆఖరికి పిల్లి ఒళ్లోకి వస్తే దాని వీపు మీదా ఊదుతారు. ఇక్కడి పసిపిల్లలు పుట్టినరోజు కొవ్వొత్తి కంటే ముందు కుందేలు తోలు మీద ఊదడం నేర్చుకుంటారు.

ఆరెతీ వేరుగా పెట్టిన గిన్నెలోంచి ఒక చెంచా సూపు నోట్లో పోసుకుంది. నోరు పులిసిపోయింది. పప్పు సూపులో వినెగరు సీసా బోర్లించినట్టుంది. మొగుణ్ణి ఆసుపత్రికి పంపిన మనిషికి వంట మీద ధ్యాస ఎక్కడుంటుందిలే అనుకుని, మాట్లాడకుండా తాగింది. ఎంత కోపంలోనూ ఆమెకి అత్తగారి మీద ఇలాంటి చిన్న జాలి ఒకటి పుడుతూనే ఉంటుంది. దానికీ ఆమెకి ఒళ్లు మండుతుంది.

ఫోను గుర్రుమంది. ఫిలియో గొంతు తెగిపోయి, ఆసుపత్రి నెంబరు కనిపించింది.

సుల్తానా దాన్ని లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది. డాక్టరమ్మ చిన్నదే, గొంతు అలిసిపోయి ఉంది. ఊపిరి నిన్నటికంటే తగ్గిందంది. ఈ సాయంత్రం నిద్రపుచ్చి గొట్టం వెయ్యాల్సి రావచ్చు అంది. సుల్తానా కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది. ఆరెతీయే కుర్చీ జరిపింది.

"ఒక్క విషయం చెప్పండమ్మా. ఆయన ఏం పని చేస్తారు? జంతువులతో ఏమైనా పనుందా? ఈమధ్య బొచ్చు కోసం పెంచే మింకులు ఉంటాయే, వాటి పెంపకంలో ఉన్నవాళ్లని ప్రత్యేకంగా చూడమన్నారు. ఆ జంతువుల్లో పడి వచ్చిన జబ్బు కాస్త వేరుగా ఉంటోంది. ఉంటే చెప్పండి, పరీక్ష వేరే చోటికి పంపాలి."

ఆరెతీ అత్తగారి వైపు చూసింది. సుల్తానా గోడ మీది మరియమ్మ తల్లి పటం వైపు చూసింది. ఆ పటం ముందు దీపం వెలుగుతూనే ఉంది.

"జంతువులా? అబ్బే! ఆయన రిటైరై చాలా ఏళ్లయిందమ్మా. పొద్దున్నే కొలను గట్టుకి పోయి చేపలు పడతాడు. అంతే పని," అంది సుల్తానా.

మొన్నటిదాకా తెల్లారకుండానే తమ మింకుల షెడ్లలో ఉన్న మనిషిని ఆవిడ ఒక్క ముక్కతో గట్టు మీద కూర్చోబెట్టేసింది. ఆరెతీ నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"ఆయన ఎవరితోనో మాట్లాడాలంటున్నారు. ఆరెతీ ఎవరు?" అంది డాక్టరమ్మ. "ఎక్కువ మాట్లాడించకండి."

ఫోను అందిస్తున్నప్పుడు సుల్తానా మొహం చూడాల్సింది. యాభై ఏళ్లు కాపురం చేసినది తనైతే, పిలిచింది ఈ చిక్కుడు గింజల పిల్లని!

"అమ్మాయీ," అన్నాడు ఆర్గీరిస్. మాటకీ మాటకీ మధ్య ఈల వేసినట్టు శబ్దం. "మీ అత్త... నిన్ను తిడుతోందా?"

"లేదు మావయ్యా."

"అబద్ధం... చెప్పకు. గోధుమలు బావున్నాయి. వాటి వల్ల కాదు... విను. నాలుగో షెడ్డు, చివర్న. నల్లది. ఊది చూద్దామని తీస్తే... నా మొహం మీదే తుమ్మింది."

"మాస్కు లేదా?"

"మాస్కు పెట్టుకుని... ఊదేదెలాగే, పిచ్చిదానా?"

నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. చివర్న "స్తెర్గియోకి తెలుసు" అన్నట్టు వినిపించింది. తర్వాత ఎవరో ఫోను తీసేసుకున్నారు.

"ఏమన్నాడు?" అంది సుల్తానా.

ఆరెతీ ఉన్నదున్నట్టు చెప్పింది.

"జ్వరంలో ఏదో వాగుతున్నాడు."

"జ్వరంలో కాదు. మింకు తుమ్మిందన్నారు. మీరేమో చేపలు పడతాడని చెప్పారు. డాక్టరుతో అబద్ధమాడతారా అత్తయ్యా? ఆయన ప్రాణం ఆవిడ చేతుల్లో ఉంది!"

"నిజం చెబితే ఏమవుతుందో నీకు తెలుసా? సాయంత్రానికి పశువుల డాక్టరు గేటు దగ్గరుంటాడు. డెన్మార్కులో ఏం చేశారో టీవీలో చూడలేదూ? ఒక్కటి మిగల్చకుండా చంపి, గోతులు తీసి పూడ్చేశారు. బొచ్చుతో సహా! రేపు తోలు ఒలుపు మొదలుపెడుతున్నాం. ఒక్క పదిరోజులు. ఒలిచేశాక ఎవరొచ్చి ఏం చూసుకుంటారో చూసుకోనీ."

"ఆ ఒలిచే పనికి వచ్చేది మన వీధి ఆడవాళ్లు. రేపు పొద్దున్నే వస్తారు. వీధి చివరింటి వయా వస్తుంది. దానికి ఐదో నెల. అది మీకు గుర్తుందా?"

సుల్తానా లేచి, ఆరెతీ తాగిన గిన్నెని రెండు వేళ్లతో ఎత్తి, మరుగుతున్న నీళ్లలో పడేసింది.

* * *

ఆ మధ్యాహ్నం ఆరెతీ షెడ్లకి వెళ్లింది, నలభై రోజుల తర్వాత మొదటిసారి. చావు జరిగిన ఇంటి మనిషి నలభయ్యో రోజు దాటేదాకా జంతువుల్లోకి వెళ్లకూడదని అత్తగారే నియమం పెట్టింది. వెళితే బొచ్చు రాలుతుందట. ఊరి పైన కొండ వాలులో పొడుగాటి రేకుల కప్పులు, వాటి కింద వరసగా తీగ గూళ్లు. గేటు దగ్గర్నుంచే అలవాటైన కంపు కొట్టింది.

ఏదో తేడాగా అనిపించింది. ఏమిటా అని ఆలోచిస్తే చప్పుడు లేదని తెలిసింది. ఈ వేళకి మేత పెడుతుంటే మింకులు గూళ్లలో అటూ ఇటూ పరిగెడుతూ తీగలు మోగించేస్తాయి. ముంగిసంత జంతువు, ఒక్క క్షణం కుదురుగా ఉండదు. ఇవాళ సగానికి పైగా గూళ్ల మీద మేత ముద్ద పెట్టింది పెట్టినట్టే ఆరిపోతోంది. నాలుగో షెడ్డులో నల్లవి మూలలకి ముడుచుకుని, నోళ్లు తెరిచి ఎగశ్వాస తీస్తున్నాయి. ముక్కుల కింద తడి. ఒకటి తుమ్మింది. మనిషి తుమ్మినట్టే ఉంది.

ఆరెతీ శాలువా కొంగుతో ముక్కూ నోరూ మూసుకుంది.

భర్త స్తెర్గియోస్ షెడ్డు చివర బక్కెట్టు కడుగుతున్నాడు. పక్కన మూత బిగించిన నీలం పీపాలు ఉన్నాయి. ఆ వరసలో ఖాళీ అయిన గూళ్లు చూశాక, పీపాల్లో ఏముందో ఆమె అడగలేదు.

"ఎప్పటినుంచి ఇలా ఉన్నాయి?"

"చలి పడింది. ఏటా ఉండేదే."

"ఏటా చలికి బొచ్చు పెరుగుతుంది స్తెర్గియో. చలికి మింకు చావడం నేను పన్నెండేళ్లలో చూడలేదు."

"ఓహో, మా ఆవిడ పశువుల డాక్టరు కూడానా! చిక్కుళ్లకి పట్టే తెగులనుకున్నావా, చూడగానే చెప్పెయ్యడానికి?"

"మీ నాన్న చెప్పారు. నీకు తెలుసన్నారు."

అతను బక్కెట్టు కింద పెట్టాడు. పోయిన వారందాకా ఆర్గీరిస్ ఈ షెడ్లలోనే రకం కట్టాడు. ఒక్కో మింకునీ తోలు తొడుగు వేసుకున్న చేత్తో మెడ వెనక పట్టి, వెలుతురుకి ఎత్తి, పెదాలు సున్నాలా చుట్టి వీపు మీద ఊదేవాడు. పైవెంట్రుకలు విడిపోయి అడుగున నూగు కనిపించేది. దాని ఒత్తుని బట్టి ఏది వచ్చే ఏడు తల్లిగా మిగలాలో, ఏది తోలుగా మారాలో తేల్చేవాడు. ఈ జిల్లాలో అంత కచ్చితంగా ఊదగల మనిషి ఇంకొకడు లేడని పేరు. వేల ప్రాణాలు ఆయన ఊపిరి మీద నడిచాయి. ఇప్పుడు ఆయనకే ఊపిరి ఆడటం లేదు.

"తెలిసి ఏం చెయ్యమంటావు?" అన్నాడు స్తెర్గియోస్. "ఫోను చేసి చెబితే రేపు తెల్ల తొడుగుల్లో సర్కారు మనుషులు దిగుతారు. మొత్తం చంపేస్తారు."

"మనమూ చంపేదేగా! రేపు గ్యాసు పెట్టెలో పెట్టేది ఎవరు, దేవదూతలా?"

"మనం చంపితే తోలు మిగులుతుంది. వాళ్లు చంపితే ఏం మిగులుతుంది?"

ఆ మాటకి ఆరెతీకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లూ తనూ ఈ తోళ్ల అన్నమే తింది. చంపి తినడం ఆమెకి కొత్త కాదు, పుట్టింట్లో మేకలు ఉండేవి. ఆమెకి మొదటినుంచీ మింగుడుపడనిది ఇంకొకటి. మింకు నీళ్లలో ఈదే జంతువు. షెడ్డు చివర నిలబడితే కింద కొలను పరుచుకుని కనిపిస్తుంది. ఆ కొలను చూస్తూ పుట్టి, చూస్తూ పెరిగి, చూస్తూనే చచ్చేదాకా వాటికి దొరికే నీళ్లు గొట్టం చివర వేలాడే చుక్క మాత్రమే. ఈ మాట ఒకసారి భోజనాల దగ్గర అంటే ఫిలియో కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, "ఈసారి వాటికి ఈత కొలను కట్టిద్దాం వదినా," అంది.

"ఎంతమంది వస్తున్నారు రేపు?" అంది ఆరెతీ.

"ఎప్పుడూ వచ్చేవాళ్లే."

"వాళ్లని ఆపు."

"ఆపి నేనొక్కణ్ణే ఒలవనా? నీకు బుద్ధుందా?"

"వయా కడుపుతో ఉంది. ఒక్కొక్క తోలూ చేతిలోకి తీసుకుంటుంది. తీసుకోగానే ఏం చేస్తుందో నీకు తెలియదా? నేను చెప్పాలా?"

తెలుసు. వద్దన్నా ఊదుతుంది. ఈ ఊళ్లో పుట్టిన చెయ్యి తోలు పట్టుకుంటే నోరు దానంతటదే ఊదుతుంది.

"మాస్కులు పెట్టుకోమంటాను."

"మీ నాన్నకీ మాస్కుంది. గడ్డం కింద."

"ఆయన సంగతి ఎత్తకు!" అని అరిచాడు స్తెర్గియోస్. "ఆయన్ని పడేసింది నీ గోధుమలు. వీటికీ నువ్వే తెచ్చావో ఏమో, ఎవరికి తెలుసు?"

"నేనా?" అంది ఆరెతీ. "నలభై రోజులుగా నేను ఈ గేటు దాటానా? మీ అమ్మే దాటనివ్వలేదు కదా. మేత పెట్టే కుర్రవాణ్ణి మీరు వేసవిలోనే మానిపించారు. ఇక్కడికి వచ్చేది మీ నాన్న, నువ్వు. ఇంకెవరు?"

అతను విసురుగా వెళ్లి చివరి గూడు తెరిచి, ఒక నల్లదాన్ని మెడ పట్టి బయటికి లాగాడు. "చూడు, ఎలా గింజుకుంటోందో! ఇది చచ్చేదానిలా ఉందా?" అంటూ ఆమె మొహం ముందుకి తెచ్చాడు. బెదిరిన మింకు తోక ఎత్తి, అతని జాకెట్టు రొమ్ము మీద తన కంపునంతా వదిలింది.

ఆ కంపు ఏమిటో తెలిసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. కళ్లు మండి నీళ్లు కారతాయి. ఆరెతీ శాలువాతో మొహం మొత్తం కప్పుకుని నాలుగడుగులు వెనక్కి పరిగెత్తింది. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు కూడా అది మీద పడితే బూతులు తిట్టుకుంటూ జాకెట్టు విప్పి పారేస్తారు.

స్తెర్గియోస్ అక్కడే నిలబడ్డాడు. మింకుని గూట్లోకి తోసి, గొళ్లెం పెట్టి, ఆమె వైపు చిరాగ్గా చూశాడు.

"ఏమైంది? అలా పరిగెత్తావేం?"

అలవాటు పడిపోయాడు కాబోలు అనుకుంది ఆరెతీ. కొండ దిగి వస్తుంటే దారంతా ఆ ఆలోచన చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

* * *

ఆ ఇంట్లో దేవుడి ఆజ్ఞలు పది, సుల్తానా ఆజ్ఞ ఒకటి. షెడ్డు బట్టలు వీధి గుమ్మం బయట కొక్కానికి తగిలించి రావాలి. పెళ్లయిన కొత్తలో ఆర్గీరిస్ ఒక్కసారి మర్చిపోయి లోపలికి వస్తే, ఆ రాత్రి ఆయన్ని మేక పాకలో పడుకోబెట్టిందని ఊరంతా చెప్పుకుంటుంది. స్తెర్గియోస్ పుట్టి బుద్ధెరిగాక ఆ నియమం తప్పలేదు. ఇల్లు దగ్గరవుతుంటే తన ఒంటి కంపు తనకే తెలిసి, చెయ్యి గుండీల మీదికి వెళ్లేది.

దీపాలు పెట్టే వేళకి తలుపు తోసుకుని అతను వచ్చాడు. ఒంటి మీద జాకెట్టు ఉంది. రొమ్ము మీద తడి మరక ఇంకా నిగనిగలాడుతోంది.

నేరుగా వచ్చి బల్ల దగ్గర కూర్చుని, రొట్టె తుంచి, పులిసిన సూపులో ముంచుకుని తినసాగాడు. వంటిల్లంతా ఆ కంపుతో నిండిపోయింది. అతను నములుతూనే ఉన్నాడు.

ఆరెతీ చేతిలోని చాకు పక్కన పెట్టింది. తిట్టాలనిపించలేదు.

"ఎప్పటినుంచి?" అంది.

"ఏమిటి ఎప్పటినుంచి?"

"నీకు వాసన పోయి."

అతని నోట్లో రొట్టె కదలడం ఆగింది. కిందికి చూసుకున్నాడు. మరక కనిపించింది. మొహంలో రంగు మారింది.

"మీ నాన్న రకం కట్టడం మొదలుపెట్టేముందు నీకు పడిశం పట్టింది. చలిగాలి అన్నావు. అల్లం కషాయం పెట్టి ఇచ్చింది నేనే. అప్పుడే కదూ?"

"వాసన పోతే మనిషి చచ్చిపోతాడా?"

"మీ నాన్న చచ్చిపోతున్నాడు!"

స్తెర్గియోస్ రొట్టె కింద పెట్టాడు. సుల్తానా పొయ్యి దగ్గర వీపు తిప్పి నిలబడి, గరిటె తిప్పడం ఆపేసింది.

"పరీక్షకి వెళితే ఇంట్లో కూర్చోబెడతారు," అన్నాడతను నెమ్మదిగా. "నేను కూర్చుంటే మేత ఎవరు పెడతారు? నాన్న ఒక్కడే ఎలా పడతాడు? జ్వరం ఒక్కరోజే ఉంది ఆరెతీ. నాకేం కాలేదు. అది వాటికి అంటుతుందని నేను కలగన్నానా?"

"తర్వాత? అవి తుమ్మడం మొదలుపెట్టాక?"

"నాన్నకి చెప్పాను. ఆయనే అన్నాడు, రకం కట్టడం సగంలో ఆపితే పరువు పోతుందని."

"ఆయన్ని ఊదనిచ్చావు."

అతను జాకెట్టు మీది మరకని అరచేత్తో కప్పుకున్నాడు.

"సరే. నిన్నటినుంచి మీ అమ్మా, మీ చెల్లీ నన్ను తింటున్నారు. నా గిన్నె వేరు చేశారు. చచ్చిన మా నాన్న గోధుమల మీద నింద వేశారు. నువ్వు ఆ గుమ్మంలోనే నిలబడ్డావు. విన్నావా?"

"విన్నాను," అన్నాడు స్తెర్గియోస్.

ఆ ఒక్క మాట విన్నాక ఆరెతీకి ఇంకేమీ అడగాలనిపించలేదు. పన్నెండేళ్ల కాపురంలో ఈ మనిషి తనని కొట్టలేదు, తాగి తిట్టలేదు. మంచివాడని పుట్టింట్లో చెప్పుకునేది. ఆ చెప్పుకున్న మాటలన్నీ ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది.

ఫోను మోగింది. వయా చేసింది. ఆరెతీ దాన్ని బల్ల మీదే పెట్టి స్పీకరు నొక్కింది.

"అక్కా, మీ మావయ్యగారికి ఎలా ఉంది? నేను ఇందాకే కొవ్వొత్తి వెలిగించాను," అంది వయా. వీధి చివరి ఇల్లే కానీ గొంతు ఎప్పుడూ కొండ మీంచి పిలిచినట్టు ఉంటుంది. "రేపు పొద్దున్నే రమ్మన్నారుగా. ఒకటే అడుగుదామని. మాస్కు తెచ్చుకోమంటావా? మా ఆయన ఒకటే గోల."

"తోలు ఊది చూడాల్సిన పనిలో మాస్కెందుకని చెప్పు," అంది సుల్తానా, వీపు తిప్పకుండానే.

ఆరెతీ ఆవిడ వీపు వైపు చూసింది. కొడుకు చెప్పిందంతా విని కూడా ఆ మాట అంది.

"వయా," అంది ఆరెతీ. "నువ్వు రావద్దు. నువ్వే కాదు, ఎవరూ రావద్దు. అందరికీ చెప్పు."

"ఆరెతీ!" అని లేచాడు స్తెర్గియోస్.

"అదేంటక్కా? ఎందుకని?"

ఆరెతీ మొగుడి కళ్లలోకి చూసింది. "నువ్వు చెప్తావా? నన్ను చెప్పమంటావా?"

సుల్తానా గిర్రున తిరిగింది. మూడంగల్లో వచ్చి కొడుకు ఒంటి మీది జాకెట్టు రెండు చేతులా లాగేసింది.

"ఏం చెప్తావే? చెప్పడానికి ఏముందని? వాసన తెలియలేదట, జబ్బట! ముసలిదాన్ని, నాకూ ఏ వాసనా రావడం లేదు. ఇదిగో చూడు! నాకూ జబ్బేనంటావా?"

కోడలి మీది కసితో ఆ తడి మరకని మొహానికి అదుముకుని, ఊరంతా చూస్తున్నట్టు గట్టిగా ఊపిరి పీల్చింది. కొడుకుని కాయడానికి ఈ తల్లి ఎంతకైనా దిగుతుందని ఆరెతీ అనుకుంది.

అప్పుడు సుల్తానా ఆగింది.

జాకెట్టు మొహానికి దూరంగా తీసి మరక చూసుకుంది. మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఈసారి నెమ్మదిగా పీల్చింది. జాకెట్టు కింద పడేసి, బల్ల మీది వినెగరు సీసా అందుకుని, మూత తీసి ముక్కు కింద పెట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది. పొద్దున సూపు ఎందుకంత పులిసిందో ఆరెతీకి అప్పుడు తెలిసింది.

"నిజంగానే రావడం లేదు," అంది.

ఇందాకటి గొంతు కాదది. స్తెర్గియోస్ తల్లి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

"అక్కా, ఉన్నావా? ఎందుకు రావద్దంటున్నావు?" అంటోంది ఫోనులో వయా.